దోమంత పొగ

ఒక దోమ బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. అంతే బరువున్న పొగను తలుపులు, కిటికీలు మూసిన ఒక మామూలు పడకగదిలోకి వదిలామనుకుందాం. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల ఎత్తున్న గదిలో పట్టే గాలి దాదాపు 30 ఘనపు మీటర్లు. పొగ గదంతా పరుచుకున్నాక ఒక్కో ఘనపు మీటరు గాలిలో 67 మైక్రోగ్రాముల సూక్ష్మకణాలు ఉంటాయి. బయటి గాలిలో పీఎం 2.5 కణాలకు మన దేశం పెట్టుకున్న 24 గంటల పరిమితి 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి 15. అంటే ఒక్క దోమ బరువంత పొగతో ఆ గది ఆ క్షణానికి రెండు గీతలూ దాటేసింది.

పరిమితి రోజంతటి సగటుకు సంబంధించినది, మనం వేసింది ఒక్క క్షణం లెక్క. ఆ తేడా గుర్తుంచుకోవాల్సిందే. కానీ దోమలను తోలడానికి మనం వెలిగించే కాయిల్ ఒక్క క్షణం కాలి ఆరిపోదు. రాత్రి పదింటికి వెలిగిస్తే తెల్లవారుజాము దాకా నెమ్మదిగా రాజుకుంటూనే ఉంటుంది. చైనా, మలేసియాల్లో అమ్మే కాయిల్స్‌ను పరీక్షించిన శాస్త్రవేత్తలు 2003లో ఒక లెక్క ప్రచురించారు. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వెలువడే పీఎం 2.5 కణాలు 75 నుంచి 137 సిగరెట్లు వదిలే కణాలతో సమానమని అందులో తేలింది. మన దేశంలో ఈ విషయాన్ని పదేపదే చెబుతూ వచ్చినవారిలో పుణెకు చెందిన ఊపిరితిత్తుల వైద్య పరిశోధకుడు సందీప్ సాల్వి ఒకరు. ఇంట్లో ఎవరైనా మంచం పక్కన కూర్చుని సిగరెట్ వెలిగిస్తే తల్లి ఊరుకోదు. అదే మంచం కింద కాయిల్ పెట్టేది మాత్రం చాలాసార్లు తల్లే, అదీ బిడ్డను దోమ కుట్టకూడదన్న ప్రేమతోనే.

కణం ఎంత చిన్నదైతే అంత మొండిది

పొగ కాసేపటికి సర్దుకుంటుంది కదా అనిపిస్తుంది. కంటికి కనబడే పొగ సర్దుకునే మాట నిజమే. కనబడని దాని సంగతి వేరు. గాలిలో పడే కణం వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది. 10 మైక్రాన్ల ధూళికణం నిశ్చలమైన గాలిలో సెకనుకు సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున దిగుతుంది. పైకప్పు నుంచి నేలకు చేరడానికి దానికి పావుగంట చాలు. 1 మైక్రాన్ కణం గంటకు పన్నెండు, పదమూడు సెంటీమీటర్లు మాత్రమే దిగుతుంది. పొగలో ఎక్కువగా ఉండేవి అంతకంటే చిన్నవి. 0.3 మైక్రాన్ల కణానికి గంటకు ఒకటిన్నర సెంటీమీటర్లు దిగడమే గగనం. అది పైకప్పు నుంచి నేలకు చేరాలంటే వారం రోజులు దాటుతుంది. ఈలోగా ఎవరో తలుపు తీస్తారు, ఎవరో నడుస్తారు, కణం మళ్లీ పైకి లేస్తుంది.

ఫ్యాను తిప్పితే పోతుందనుకునే వాళ్లు చాలామంది. సీలింగ్ ఫ్యాను గదిలోని గాలినే గదిలో తిప్పుతుంది. మూలనున్న పొగను మంచం దగ్గరికి సమానంగా పంచిపెడుతుందే తప్ప బయటికి పంపదు. పొగ బయటికి పోవాలంటే గదిలో గాలి మారాలి. అన్నీ మూసిన గదిలో గంటకు సగం గాలి మాత్రమే మారుతోందనుకుంటే, కాయిల్ ఆర్పేశాక కూడా కణాలు సగానికి తగ్గడానికి దాదాపు గంటా ఇరవై నిమిషాలు పడుతుంది. ఎదురెదురు కిటికీలు తెరిచి గంటకు అయిదుసార్లు గాలి మారేలా చేస్తే ఎనిమిది, తొమ్మిది నిమిషాలు చాలు. అయితే ఆ కిటికీలోంచి దోమలు వస్తాయి. తెరిస్తే దోమ, మూస్తే పొగ. తీరప్రాంతపు పట్టణాల్లో, చెరువు పక్క కాలనీల్లో, మురుగు కాలువల వెంట ఉన్న బస్తీల్లో రాత్రిపూట పిల్లల గది ఈ రెంటి మధ్యే ఇరుక్కుని ఉంటుంది.

పొయ్యి మారింది, సగం కథే మారింది

ఇంటి గాలి కాలుష్యం అనగానే మన దేశంలో అందరికీ గుర్తొచ్చేది కట్టెల పొయ్యి. అలా గుర్తు రావడానికి కారణం ఉంది. కిర్క్ స్మిత్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అహ్మదాబాద్ పరిశోధకులతో కలిసి గుజరాత్ గ్రామాల్లో వంట చేస్తున్న స్త్రీల మీదే కొలత పరికరాలు అమర్చి, వాళ్లు పీల్చే పొగను కొలిచారు. ఆ ఫలితాలు 1983లో వెలువడ్డాయి. అప్పటిదాకా కాలుష్యమంటే ఫ్యాక్టరీ గొట్టం, లారీ గొట్టం. వంటింట్లో మనిషి పీల్చే మోతాదు నగరపు రోడ్డు మీది మోతాదును మించిపోవచ్చన్న సంగతిని అంకెల్లో చూపించిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. 2020లో మరణించేదాకా స్మిత్ ఈ విషయాన్ని వదల్లేదు.

వంటగ్యాస్ కథ మనకు తెలిసిందే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం వచ్చింది. 2016 మే 1న ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల మొదలైంది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 58.6 శాతం ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 83.6 శాతం, తెలంగాణలో 91.8 శాతం. సిలిండర్ ధర పెరిగినప్పుడల్లా స్నానాల నీళ్లకు, పశువుల దాణాకు మళ్లీ కట్టెలు అంటుకునే ఇళ్లు ఈ లెక్కలో కనబడవు. అయినా ఇది చిన్న మార్పు కాదు.

మరి పిల్లల ఊపిరితిత్తులు ఆ మేరకు బాగుపడ్డాయా? ఇక్కడ శాస్త్రవేత్తలకు ఎదురైన నిరాశను దాచకుండా చెప్పుకోవాలి. భారత్, గ్వాటెమాలా, పెరు, రువాండాల్లో హాపిన్ అనే పెద్ద పరీక్ష జరిగింది. మన దేశంలో దాని కేంద్రం తమిళనాడు. కల్పనా బాలకృష్ణన్ నాయకత్వంలో చెన్నైలోని శ్రీరామచంద్ర సంస్థ ఆ బాధ్యత తీసుకుంది. మొత్తం 3,200 మంది గర్భిణులను తీసుకుని, సగం మందికి గ్యాస్ పొయ్యి, 18 నెలలు ఉచితంగా గ్యాస్ ఇచ్చారు. గర్భిణి పీల్చే గాలిలో పీఎం 2.5 కట్టెల పొయ్యి ఇళ్లలో 70 మైక్రోగ్రాముల దగ్గరుంటే గ్యాస్ ఇళ్లలో 24కు దిగింది. పరికరాలు చెప్పినంతవరకు ఇది విజయమే. కానీ పుట్టిన బిడ్డల బరువులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఏడాది లోపు పిల్లల్లో తీవ్రమైన న్యుమోనియా కూడా తగ్గలేదని 2024లో తేలింది. అంతకుముందు మలావీలో పది వేల మందికి పైగా పిల్లలతో మెరుగైన పొయ్యిల మీద జరిగిన పరీక్షలోనూ ఇదే ఫలితం వచ్చింది.

దీన్ని పట్టుకుని గ్యాస్ పొయ్యి దండగ అనేవాళ్లున్నారు. నాకు అది తొందరపాటుగా కనిపిస్తుంది. ఏడాది నిండగానే ఆగిన పరీక్ష ఉబ్బసం గురించి ఏమీ చెప్పలేదు, ఎందుకంటే అయిదారేళ్ల వయసు వచ్చేదాకా ఆ జబ్బును నిక్కచ్చిగా నిర్ధారించడమే కష్టం. పొయ్యి మారినా పక్కింటి పొగ, వీధిలో తగలబెట్టిన చెత్త, గదిలోని కాయిల్ అలాగే ఉంటాయి. 24 మైక్రోగ్రాములన్నది 70 కంటే ఎంతో తక్కువే, కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏడాది సగటుకు పెట్టిన గీత 5. దానికి అది ఇంకా అయిదింతలు.

ఉబ్బసం విషయంలో గ్యాస్ మీదే వివాదం ఉంది. మంట ఎక్కువ వేడెక్కినప్పుడు గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌కు దారితీస్తాయి. ఇది శ్వాసనాళాలను మండించే వాయువు. 41 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2013లో గ్యాస్ వంట ఇళ్ల పిల్లల్లో ఆస్తమా ముప్పు 42 శాతం ఎక్కువంది. అదే ఏడాది 47 దేశాల్లో 5 లక్షల మందికి పైగా పిల్లల సమాచారంతో వచ్చిన మరో అధ్యయనంలో గ్యాస్‌కు, ఆస్తమాకు సంబంధం కనబడలేదు. కట్టెల మంట మీద వండే ఇళ్లలో మాత్రం పిల్లికూతలు స్పష్టంగా ఎక్కువున్నాయి. సంపన్న దేశాల్లో గ్యాస్‌ను కరెంటు పొయ్యితో పోలుస్తారు. మన ఊళ్లలో పోల్చాల్సింది కట్టెలతో. ప్రశ్నే వేరైనప్పుడు జవాబులు వేరుగా ఉండటంలో వింత లేదు. ఇండక్షన్ పొయ్యి కొనగలిగినవాళ్లు కొనొచ్చు. మిగతావాళ్లు గ్యాస్ వెలిగించినప్పుడు వంటింటి కిటికీ తెరిస్తే ఎక్కువ పని జరుగుతుంది. ఎండుమిర్చి తాలింపు వేసేటప్పుడు ఇల్లంతా దగ్గుతుందంటే, ఆ ఇంట్లో గాలి బయటికి పోయే దారి లేదని అర్థం.

చిన్న గొట్టం లెక్క

ఒకే గదిలో ఒకే పొగ పీల్చినా నాన్నకు ఏమీ కాదు, నాలుగేళ్ల పాపకు రాత్రంతా దగ్గు. ఎందుకని? పిల్లలు పెద్దల కంటే వేగంగా ఊపిరి తీస్తారు. శరీరపు బరువుతో పోల్చి చూస్తే ఒక్కో కిలోకు వాళ్లు పీల్చే గాలి చాలా ఎక్కువ. దానికి తోడు శ్వాసనాళాల ఇరుకు. సన్నటి గొట్టంలో ప్రవాహం వ్యాసార్థపు నాలుగో ఘాతాన్ని బట్టి ఉంటుందని 19వ శతాబ్దంలోనే పాజే అనే ఫ్రెంచి వైద్యుడు కనిపెట్టాడు. వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతవుతుంది. పెద్దవాళ్ల నాళంలో కొంచెం వాపు వస్తే గొంతు గరగరతో పోతుంది. అదే మందం వాపు పసిబిడ్డ నాళంలో వస్తే గాలి ఆడదు.

ఉబ్బసంలో జరిగేది అదే. నాళాల లోపలి పొర వాస్తుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది, కఫం పేరుకుంటుంది. మిగిలిన సన్నటి సందులోంచి గాలి దూరేటప్పుడు వచ్చే ఈల శబ్దాన్నే మన ఇళ్లలో పిల్లికూతలంటారు. పొగ ఈ జబ్బును కొత్తగా పుట్టిస్తుందా, లేక ఉన్నదాన్ని రేపుతుందా అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలు. సిగరెట్ పొగ విషయంలో రెండింటికీ గట్టి ఆధారాలున్నాయి. కట్టెల పొగ, కాయిల్ పొగ విషయంలో రెండోదానికే బలం ఎక్కువ. నిజానికి పిల్లల్లో దాడులను ఎక్కువగా రేపేది మామూలు జలుబు వైరస్. గోడల చెమ్మ, బూజు, పరుపుల్లోని ధూళి పురుగులు, బొద్దింకలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అప్పటికే వాచి ఉన్న నాళానికి రాత్రంతా పొగ పట్టించడం మాత్రం పూర్తిగా మన చేతిలో ఉన్న విషయం.

సాంబ్రాణి సంగతి

కాయిల్ మానమంటే ఎవరూ నొచ్చుకోరు. అగరుబత్తి, సాంబ్రాణి దగ్గరికొచ్చేసరికి మాట జాగ్రత్తగా రావాలి. బాలింత గదిలో ధూపం, తలంటి పోశాక బిడ్డ జుట్టుకు సాంబ్రాణి పొగ, శుక్రవారం ఇల్లంతా గుగ్గిలం అమ్మమ్మల కాలం నుంచి వస్తున్నవి. వీటి వెనక శుభ్రత, శుభం అనే ఆలోచనలున్నాయి. కానీ కాలే వస్తువుకు ఆ తేడాలు తెలియవు. ఒక గ్రాము అగరుబత్తి కాలితే 45 మిల్లీగ్రాములకు పైగా కణాలు వస్తాయని, అదే గ్రాము సిగరెట్‌లో 10 మిల్లీగ్రాముల దగ్గర వస్తాయని శాస్త్ర పత్రికల్లో కొలతలున్నాయి. మన 30 ఘనపు మీటర్ల గదిలో 45 మిల్లీగ్రాములు మొత్తం నిలిచిపోతే ఘనపు మీటరుకు 1,500 మైక్రోగ్రాములు. కొంత బయటికి పోతుంది, కొంత గోడలకు అంటుకుంటుంది కాబట్టి నిజంగా అంత ఉండకపోవచ్చు. అందులో పదో వంతు మిగిలినా దోమంత పొగ లెక్కకు రెట్టింపు దాటుతుంది.

దేవుడి గదిలో కిటికీ తెరిచి ఒక్క బత్తి వెలిగించడానికీ, నెలల బిడ్డ ఉయ్యాల కింద సాంబ్రాణి కుంపటి పెట్టడానికీ చాలా తేడా ఉంది. మొదటిది సర్దుకోగల విషయం. రెండోది మానాల్సిందే, ముఖ్యంగా ఆ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉంటే. జుట్టు ఆరడానికి మెత్తటి తువ్వాలు సరిపోతుంది. మార్కెట్లో దోమల అగరుబత్తి పేరిట అమ్మేవాటిలో కొన్ని అనుమతి లేని పురుగుమందులతో తయారవుతున్నాయి. వాటిలో పొగతో పాటు మందు మోతాదు కూడా ఎవరికీ తెలియదు.

మందు కూడా కణమే

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి. కాయిల్ ఆర్పేసినంత మాత్రాన ఉబ్బసం ఉన్న బిడ్డకు నయమైపోదు. మన దేశంలో అసలు కష్టం జబ్బును జబ్బని ఒప్పుకోకపోవడంలో ఉంది. గ్లోబల్ ఆస్తమా నెట్‌వర్క్ మన దేశంలో జరిపిన సర్వే ఫలితాలు 2022లో వచ్చాయి. ఆరేడేళ్ల పిల్లల్లో ఆస్తమా 3.16 శాతం. పిల్లికూతలు ఉన్నవారిలో 82 శాతం మందికి ఆస్తమా అని ఏ వైద్యుడూ చెప్పలేదు. లక్షణాలు తీవ్రంగా ఉన్నవారిలోనూ 70 శాతం మందిది అదే పరిస్థితి. రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నది జబ్బు నిర్ధారణ అయినవారిలో పది శాతం లోపే. ప్రపంచంలోని ఆస్తమా రోగుల్లో దాదాపు 13 శాతం మంది భారత్‌లో ఉంటే, ఆస్తమా మరణాల్లో 42 శాతం ఇక్కడే జరుగుతున్నాయని 2019 నాటి ప్రపంచ వ్యాధిభార అంచనా. ఈ రెండు అంకెల మధ్యనున్న దూరం పొగ వల్ల వచ్చినది తక్కువ, అందని వైద్యం వల్ల వచ్చినది ఎక్కువ అనుకుంటాను.

మన ఇళ్లలో ‘నెమ్ము చేసింది’ అంటారు, ‘ఆయాసం’ అంటారు. చీటీ మీద ‘అలర్జిక్ బ్రాంకైటిస్’ అని రాయించుకుంటారు. ఆస్తమా అన్న మాట పలికితే ఆడపిల్ల పెళ్లికి అడ్డొస్తుందని భయం. ఏటా మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప ప్రసాదం కోసం బారులు తీరే జనంలో పిల్లలను ఎత్తుకుని వచ్చిన తల్లిదండ్రులు ఎందరో. అది పనిచేస్తుందనడానికి వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. అక్కడికి వెళ్లడం కంటే, ఆ నమ్మకంతో రోజూ వాడే మందు ఆపేయడమే అసలు ప్రమాదం.

ఇన్‌హేలర్ అంటే ‘అలవాటైపోతుంది’, ‘అది ఆఖరి మందు’ అన్న భయం ఉంది. అందుకు లెక్కతోనే జవాబు చెప్పొచ్చు. సాల్‌బ్యుటమాల్ అనే మందు ఒక పఫ్‌లో 100 మైక్రోగ్రాములు ఉంటుంది. అదే మందు సిరప్‌లో ఒక టీ స్పూనుకు 2 మిల్లీగ్రాములు. అంటే స్పూను సిరప్‌తో ఇరవై పఫ్‌ల మందు కడుపులోకి, రక్తంలోకి, ఒళ్లంతటికీ పోతోంది. గుండె దడ, చేతుల వణుకు అందుకే. పఫ్ నేరుగా నాళాల్లోకే పోతుంది. స్టెరాయిడ్‌ల విషయంలోనూ ఇదే తేడా, మాత్రలు మిల్లీగ్రాముల్లో, ఇన్‌హేలర్ మైక్రోగ్రాముల్లో.

ఇక్కడ భౌతికశాస్త్రం చేసే పని ఆసక్తిగా ఉంటుంది. ఇన్‌హేలర్ తయారీదారులు మందు తుంపర 1 నుంచి 5 మైక్రాన్ల మధ్య ఉండేలా చూస్తారు. అంతకంటే పెద్దవి గొంతులోనే తగిలి ఆగిపోతాయి, మరీ చిన్నవి చాలావరకు ఊపిరితోనే తిరిగి బయటికొస్తాయి. పొగను ఊపిరితిత్తుల్లోకి తీసుకుపోయే సూత్రమే మందునూ తీసుకుపోతుంది. చిన్నపిల్లలకు స్పేసర్ అనే గొట్టం పెట్టి పఫ్ ఇవ్వమనడం కూడా ఇందుకే. డబ్బాలోంచి వేగంగా దూసుకొచ్చే పెద్ద తుంపరలు స్పేసర్ గోడలకు అంటుకుంటాయి, నెమ్మదించిన సన్నటి మంచును బిడ్డ మామూలుగా ఊపిరి తీస్తూ పీల్చుకుంటుంది. స్పేసర్ లేకుండా ఇచ్చిన పఫ్‌లో ఎక్కువ భాగం నాలుక మీదే మిగిలిపోతుంది. చాలా ఇళ్లలో ‘ఇన్‌హేలర్ పనిచేయలేదు’ అన్న ఫిర్యాదుకు మూలం ఇదే.

జాలీ, కిటికీ

ఇంటి గాలిని బాగుచేస్తే ఉబ్బసం ఉన్న పిల్లలకు మేలు జరుగుతుందా అన్నది న్యూజిలాండ్‌లో నేరుగా పరీక్షించారు. ఆస్తమా ఉన్న పిల్లల ఇళ్లు 409 తీసుకుని, కొన్నింటిలో పొగ గొట్టం లేని గ్యాస్ హీటర్ల వంటివి తీసేసి మెరుగైన హీటర్లు పెట్టారు. ఆ ఇళ్లలో నైట్రోజన్ డయాక్సైడ్ దాదాపు సగానికి పడిపోయింది. 2008లో ప్రచురించిన ఫలితాల్లో పిల్లల ఊపిరితిత్తుల సామర్థ్యం చెప్పుకోదగ్గంత మారలేదు. కానీ రాత్రి దగ్గు, పిల్లికూతలు తగ్గాయి. బడికి పోని రోజులు ఒక్కో పిల్లవాడికి సగటున 1.8 తగ్గాయి. అంకెగా చిన్నదే. పిల్లవాడికి ఆయాసం వచ్చిన రోజున కూలి పోగొట్టుకునే తల్లికి అది చిన్నది కాదు.

మన ఇళ్లలో హీటర్ స్థానంలో ఉన్నది కాయిల్. దాన్ని మానేసి దోమలకు బిడ్డను అప్పగించమని ఎవరూ అనరు. డెంగీ, మలేరియా నిజమైన ప్రమాదాలు. కరెంటుతో పనిచేసే లిక్విడ్ మందులో ఏదీ కాలదు కాబట్టి పొగ కణాలు ఉండవు, కానీ పురుగుమందు ఆవిరి ఉంటుంది. ఉబ్బసం ఉన్న కొందరు పిల్లలకు అదీ పడదు. బిడ్డ పడుకునే ముందు గంటసేపు వేసి, తర్వాత ఆపేసి, కాసేపు గాలి ఆడనిస్తే మోతాదు తగ్గుతుంది. మంచానికి దోమతెర అన్నింటికంటే పాతది, అన్నింటికంటే తక్కువ అనుమానాలున్నది. డెంగీ దోమ పగలు కుడుతుంది కాబట్టి పగటి నిద్రకూ తెర కట్టాలి.

డబ్బు ఒక్కదాని మీదే పెట్టగలమంటే నేను ఎయిర్ ప్యూరిఫయర్ కంటే ముందు కిటికీ జాలీని ఎంచుకుంటాను. శీతాకాలపు ఢిల్లీలో లెక్క వేరు. అక్కడ కిటికీ తెరిస్తే వచ్చేదే విషం కాబట్టి ప్యూరిఫయర్‌కు అర్థముంది. కడప, కాకినాడ, ఖమ్మం వంటి చోట ఏడాదిలో చాలా రోజులు రాత్రి బయటి గాలి మూసిన గదిలోని కాయిల్ గాలి కంటే ఎంతో మెరుగు. ప్యూరిఫయర్ కొని పక్కనే కాయిల్ వెలిగించడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే. అద్దె ఇల్లయితే మేకులు కొట్టనివ్వరు. అలాంటి కిటికీలకు అంటుకునే పట్టీతో అమర్చే నైలాన్ జాలీలు దొరుకుతాయి. జాలీ గాలిని కొంత అడ్డుకుంటుంది. దుమ్ము పట్టిన జాలీ మరింత అడ్డుకుంటుంది. నెలకోసారి విప్పి, సబ్బునీళ్లలో ముంచి, కళ్లు తెరుచుకునేలా రుద్ది, ఆరాక మళ్లీ అంటిస్తే సరిపోతుంది.